ఐదో ముడి

ఇమి వామాన్ ఊళ్ళో ఎదురుపడ్డ మనిషి సలాం చెబితే తిరిగి చెప్పకపోవడం తప్పు. పసివాడికైనా పగవాడికైనా చెప్పి తీరాలి. ఆ తప్పు రోజూ చేస్తూ, ఎవరి చేతా ఒక్క మాట పడకుండా ముప్పై రెండేళ్ళు బతికిన మనిషి ఆ ఊళ్ళో ఒకడే ఉన్నాడు. అతను గిన్నె ఇద్దర్.

కొండ కడుపులోంచి ఊట పుట్టే చోట ఒక మట్టిగది ఉంది. దానికి తలుపు లేదు. ఖర్జూరపు దూలాల కప్పు సందుల్లోంచి వెలుతురు చారలు చారలుగా లోపలికి దిగుతుంది. ఆ గదిలో నీళ్ళ కుండ ముందు కూర్చున్నంతసేపూ ఇద్దర్ నోరు విప్పడు. మేక ఈనిందని చెప్పాలన్నా, తమ్ముడు పోయాడని చెప్పాలన్నా వచ్చినవాళ్ళు గడప అవతల ఆగి, వంతు మారేదాకా కాచుకోవలసిందే. తమ్ముడు పోయిన రోజున అలాగే కాచుకున్నారు కూడా.

కుండలో చిన్న రాగిగిన్నె తేలుతూ ఉంటుంది. దాని అడుగున గుర్రపు వెంట్రుక పట్టేంత బెజ్జం. అందులోంచి నీళ్ళు లోపలికి ఊరి, ఊరి, గిన్నె అంచుదాకా నిండి బుడుంగుమని మునుగుతుంది. అదొక గిన్నె. రెండు గ్లాసుల పుదీనా టీ తీరిగ్గా తాగినంత సేపు. ఎవరి పొలానికి ఎన్ని గిన్నెల నీళ్ళో తాతలనాడే తేలిపోయింది. గిన్నె మునిగినప్పుడల్లా ఇద్దర్ చేతిలోని ఖర్జూరపాకు చీలికకు ఒక ముడి వేస్తాడు. ముడులు సరిపోగానే గడపలోకి వచ్చి తరువాతివాళ్ళ పేరు పెట్టి కేక వేస్తాడు. ఆ కేక వినగానే పొలంలో ఉన్న మనిషి తన వైపు కాలువకు మట్టి అడ్డం వేస్తే, పక్కపొలం మనిషి తన అడ్డం తీస్తాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా అతని నోట్లోంచి వచ్చే మాటలు ఆ పేర్లే. రాత్రి ఊరిన నీళ్ళు తొట్టిలో నిలవ ఉంటాయి, అతనికి సెలవు.

పెళ్ళికి ముందు ఇద్దర్ బావులు తవ్వేవాడు. గిన్నె అతనిది కాదు, అతని భార్య తూదా తండ్రి బహాది. బహాకు కొడుకులు లేరు.

"నీకు పిల్లనెందుకిస్తున్నానో తెలుసా?" అని అడిగాడట బహా, పెళ్ళినాడు.

"బలం చూసి."

"బలం గాడిదకీ ఉంటుంది. పొద్దున్నించి చూస్తున్నా, నువ్వు ఆరంటే ఆరు మాటలాడావు. ఇప్పుడీ రెంటితో ఎనిమిది. ఇక చాలు, ఆపు."

ఆ తరువాత ఒక ఏడాదిపాటు మామ పక్కన కూర్చోవడమే పని. గిన్నె ముట్టుకోనివ్వలేదు. "గిన్నెని చూడకు, విను. చూస్తే నిద్దరొస్తుంది," అనేవాడు బహా. "ముందు ముడి, తర్వాత చెయ్యి. మునిగిన చప్పుడు వినగానే ముడి వెయ్యి. ముడి పడ్డాకే చెయ్యి నీళ్ళలో పెట్టి గిన్నె పైకి తియ్యి. చెయ్యి తడిస్తే మనసు తడుస్తుంది. తడి మనసుకి లెక్క నిలవదు." వేసవిలో గిన్నె కాస్త తొందరగా మునుగుతుందని, చలికాలం పొద్దున పూట బద్ధకిస్తుందని కూడా అప్పుడే తెలిసింది. అదేం లెక్క అని అడిగితే బహా నవ్వాడు. "చలికి కాలవలో నీళ్ళూ మెల్లగానే నడుస్తాయిరా. రెండూ ఒకే తల్లి పిల్లలు."

మామ పోయాక గిన్నె ఇద్దర్ చేతికొచ్చింది. ఆ గదిలో కూర్చునే అతనికి జుట్టు నెరిసింది.

మాట్లాడని మనిషి ఏం చేస్తాడు? తిరుగుతాడు. బావులు తవ్వే రోజుల్లో ఒక్కసారి అగ్లూ ఒడ్డున సముద్రం చూశాడు ఇద్దర్. నీలిరంగు పూసిన చేపల పడవ ఒకటి అలమీద లేచి, అల వెనక కనపడకుండా పోయి, మళ్ళీ లేచింది. అంతే చూసింది. కూలి ముగిసింది, లారీ బయల్దేరింది. ఆ పడవ మాత్రం అతనితో ఊరికొచ్చింది. గిన్నె తేలుతున్నంతసేపూ అతను అందులో ఎక్కి పోతూనే ఉంటాడు. ఎంత దూరం పోయినా బుడుంగుమనే చప్పుడు చెవిన పడగానే ఒడ్డున ఉంటాడు. ముప్పై రెండేళ్ళలో ఒక్కసారీ ఆలస్యం కాలేదు.

"ఊళ్ళో మగాళ్ళంతా కాసాబ్లాంకాలో కొట్లు పెట్టుకుంటే మా ఆయన కుండలో ఓడ నడుపుతాడు," అనేది తూదా, విన్నవాళ్ళందరితో.

ఆ ఊరికి చూసిపోయేవాళ్ళు రావడం బిహీ మొదలుపెట్టిన పని. నలభై ఏళ్ళవాడు, నోట్లో నువ్వుగింజ నానదు. తాత ఇంటికి నీలం తలుపులు బిగించి, నాలుగు గదుల్లో పరుపులు వేసి, వెనక నారింజతోట పెంచాడు. కార్లలో వచ్చినవాళ్ళకు ఊట, పాత ధాన్యపు కోట, చివరికి ఇద్దర్‌ని చూపిస్తాడు. గడప అవతల నిలబడి గుసగుసగా ఏదో చెబుతాడు, వాళ్ళు ఫొటోలు తీసుకుంటారు, సలాం చెబుతారు, జవాబు రాక మొహాలు చూసుకుంటారు, వెళ్ళిపోతారు. ఇద్దర్‌కు వాళ్ళమీద కోపం ఎప్పుడూ రాలేదు. పిచ్చుకలు వాలి లేచినట్టే అనుకునేవాడు.

కోపం వచ్చింది బిహీ మీదే, అదీ ఈ ఏడాది.

"దాదా, జేబులో ఫోనుంది, ఫోనులో గడియారముంది. ఇరవై నాలుగు నిమిషాలకో మోత పెడితే అయిపోయె. ఈ గిన్నెని మా హాల్లో గాజుపెట్టెలో పెడదాం. నువ్వు అక్కడే కూచో, నీకు జీతం. వచ్చినవాళ్ళకి రోజుకి నాలుగుసార్లు ముంచి చూపిస్తే చాలు. కావాలంటే సలాం కూడా చెప్పుకోవచ్చు," అన్నాడు.

మాట జమాత్ దాకా, అంటే ఊరి పెద్దల కూటం దాకా పోయింది. ఊరి పెద్ద ఉబెల్లా గడ్డం నిమురుకుని, "గిన్నె ఇంతవరకూ తప్పలేదు గదా. తప్పిన రోజు చూద్దాం," అన్నాడు. బిహీ ఊరుకునే రకం కాదు. వచ్చే శుక్రవారం నమాజు తరువాత మళ్ళీ కూర్చుందామని ఒప్పించాడు.

గిన్నె పోతే కూడు పోతుందని కాదు ఇద్దర్ దిగులు. పోనీ, గాజుపెట్టె పక్కన కూర్చుంటే కూడు ఇంకా మెరుగే. ఎవరి గోరింటకూ, ఎవరి బార్లీకీ నీళ్ళు పంపని గిన్నెలో తాను ఎక్కి ఎక్కడికి పోతాడు? ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పాలో కూడా తెలియలేదు.

ఆ వారంలోనే ఇనెస్ వచ్చింది. పోర్చుగల్ నుంచి ఒక్కతే వచ్చిన పెద్దావిడ. గడ్డి టోపీ, చంకలో బొమ్మల పుస్తకం, చెవి వెనక పెన్సిల్. మంగళవారం గడప దగ్గరకొచ్చి సలాం చెప్పలేదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని, చెప్పులు విడిచి, మూలన గోడకానుకుని కూర్చుంది. సాయంత్రం దాకా కూర్చుంది. బొమ్మ వేసుకుంటుంది, ఖర్జూరం ఒకటి నోట్లో వేసుకుంటుంది, గింజ జేబులో దాచుకుంటుంది, మళ్ళీ బొమ్మ. ముప్పై రెండేళ్ళలో ఆ గదిలో ఇద్దర్ పక్కన ఊరికే కూర్చున్న మనిషి, మామ తరువాత ఆవిడే.

బుధవారం దక్షిణం నుంచి దుమ్ముగాలి వీచింది. ఆకాశం పసుపుపచ్చగా, కుంకుమపువ్వు కలిపిన పాలలా అయిపోయింది. ఎక్కడా నీడ అన్నది లేదు. పక్షులు కూడా నోరు మూసుకున్నాయి. ఆ వేళ కెల్తూమ్ వంతు, ఆరు గిన్నెలు.

కెల్తూమ్ భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. ఆవిడకున్నదల్లా గోరింట మడి. ఆ ఆకు అమ్మితేనే నూనె, చక్కెర, మోకాళ్ళ నొప్పి మందు. పన్నెండు రోజులకోసారి వచ్చే వంతులో నీళ్ళు అందని సాలు, జూన్ ఎండకు మళ్ళీ వంతు దాకా ఆగదు.

మొదటి గిన్నె మునిగింది. రెండోది, మూడోది, నాలుగోది. మూలన ఇనెస్ చాలా మెల్లగా ఏదో కూనిరాగం తీస్తోంది. తీస్తున్నట్టు ఆవిడకే తెలియదు. ఇద్దర్ తల్లి తిరగలి తిప్పుతూ అలాగే నోరు విప్పకుండా పాడేది. పసుపు వెలుతురులో గిన్నె ఎక్కడుందో, నీళ్ళెక్కడున్నాయో వేరుగా తెలియడం లేదు. పడవ అలమీద లేచింది. ఈసారి పడవలో బహా కూర్చుని ఉన్నాడు, బతికున్నప్పటికంటే చిన్నగా, తడిసిన జుబ్బాతో. "ఇటివ్వు," అని ఇద్దర్ చేతిలోని ఆకు తీసుకున్నాడు. ముడి వేసి తిరిగిచ్చాడు. మామ వేళ్ళు చల్లగా తగిలాయి. అల వెనకకు పడవ దిగిపోయింది.

ఇద్దర్ ఉలిక్కిపడి చూసుకున్నాడు. ఆకుకు ఐదు ముడులున్నాయి. గిన్నె సగం నిండి తేలుతోంది.

మునిగిన చప్పుడు మాత్రం చెవిలో లేదు.

చెయ్యి చూసుకున్నాడు. ఐదోసారి గిన్నె పైకి తీసుంటే చెయ్యి తడిసుండాలి. పొడిగా ఉంది. కానీ ఆ గాలికి తడిబట్టే చిటికెలో ఆరుతోంది, చెయ్యెంత? బయటికి చూశాడు, పొద్దు ఎంతయిందో చెప్పడానికి నేలమీద నీడ లేదు. ఇది ఆరో గిన్నె సగమా, ఐదోదేనా? అతను అలాగే కూర్చున్నాడు. గిన్నె నిండింది, బుడుంగుమంది. వేళ్ళు అలవాటుగా ఆరో ముడి వేశాయి. లేచి గడపలోకి వచ్చాడు.

"బిహీ!" అని కేకేశాడు. నీళ్ళు కెల్తూమ్ మడి వదిలి బిహీ నారింజతోటకు మళ్ళాయి.

సాయంత్రం గది వదిలి వస్తుంటే కెల్తూమ్ పార భుజాన వేసుకుని ఎదురొచ్చింది.

"సలాం, ఇద్దర్."

"సలాం, లల్లా," అన్నాడు, ఊళ్ళో ఆడవాళ్ళను మర్యాదగా పిలిచే పిలుపుతో. "నీళ్ళు అందాయా?"

"చివరి రెండు సాళ్ళూ అందలేదయ్యా. ఈ కాళ్ళున్నాయే, వీటిని విరిచి పొయ్యిలో పెట్టాలి. అడ్డం తియ్యడానికే ఆలస్యం చేసుంటాను. లేకపోతే గట్టెక్కడో కారిందేమో. ముసల్దాన్నైపోయా."

"లల్లా..." అన్నాడు ఇద్దర్.

"ఏంటి?"

"ఏం లేదు. గాలి తగ్గేలా ఉంది."

"తగ్గితే నా మొహమెందుకిలా ఇసుక తింటుంది," అని నవ్వుకుంటూ పోయింది.

అతను ఇంటికి పోలేదు. కాళ్ళు నీలం తలుపుల వైపు నడిచాయి. అక్కడ దిగిన ఇనెస్ రోజంతా బొమ్మలు వేసింది గదా. ఆ బొమ్మల్లో ఏదైనా తెలుస్తుందేమో.

"పడమట పొడిచిందా పొద్దు? గిన్నె ఇద్దర్ మా గుమ్మంలోనా!" అని బిహీ రెండు చేతులూ చాపాడు. "గాజుపెట్టె ఎక్కడ పెట్టాలో చూసుకుందామనా, దాదా?"

"ఆవిడ బొమ్మలు చూస్తాను. అడుగు."

ఇనెస్ సంబరంగా పుస్తకం తెచ్చి ముందు పెట్టింది. ఆవిడ వరసగా వేయలేదు. ఒక పేజీలో మునిగిన గిన్నె, ఒక పేజీలో కప్పు దూలం, ఒకచోట తన చెప్పులు. వాటిని లెక్కపెట్టి లాభం లేదు. ఇద్దర్ పేజీలు తిప్పుతూ పోయి ఒకచోట ఆగాడు.

అది అతని మొహం. కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ ఎవరో దూరం నుంచి పిలుస్తుంటే వింటున్నట్టున్నాయి. ఆ పని చేసేటప్పుడు తన మొహం ఎలా ఉంటుందో అతను ఎన్నడూ చూసుకోలేదు. అంత హాయి తన మొహంలో ఉంటుందని అనుకోలేదు. చూపు కిందికి దిగింది. చేతిలో ఆకు. ఆకుకు నాలుగు ముడులు, ఐదోది వేళ్ళ మధ్య బిగుస్తోంది. ఆ కిందే కుండ. కుండలో గిన్నె, సగం నిండి, అంచుమీద వెలుగుతో, తేలుతోంది.

ముడి వేసే చేతి కింద తేలే గిన్నె ఉండదు. అది అడుగున ఉండాలి.

"అబ్బబ్బ! ఏం దించింది!" అన్నాడు బిహీ, అతని భుజం మీదుగా చూస్తూ. "వయసులో నువ్వు ఇలాగే ఉండేవాడివా, దాదా? తూదా పిన్ని ఎందుకు పడిపోయిందో ఇప్పుడు తెలిసింది." బొమ్మనంతా చూశాడు, పొగిడాడు, ఏమీ గమనించలేదు. గది లోపల పని ఏ వరసలో జరుగుతుందో అతను ఎన్నడూ పట్టించుకోలేదు గదా.

ఇనెస్ ఏదో అంది. "తను వేసినవాటిలో ఇదే మంచిదట. నీకిస్తానంటోంది," అన్నాడు బిహీ. ఆవిడ ఆ పేజీ జాగ్రత్తగా చించి, రెండు చేతులతో అందించింది. చెంపకింద అరచెయ్యి పెట్టుకుని కళ్ళు మూసి నవ్వింది. ఆ నీళ్ళ దగ్గర తనూ కలలోకి పోయానని కాబోలు. మరునాడు పొద్దున్నే ఆవిడ కారెక్కి వెళ్ళిపోయింది. తానేం ఇచ్చిపోయిందో ఆవిడకు ఎప్పటికీ తెలియదు.

కాగితం చాప కింద దాచాడు ఇద్దర్. గురువారం చాప దులపబోయి తూదా దాన్ని పట్టుకుంది.

"ఓయమ్మో! మనిషివి చాప కింద దాక్కున్నావేంటి!" అంటూ గుమ్మంలో వెలుతురుకు పట్టి చూసింది. "నన్ను చూసేటప్పుడు ఈ మొహం పెట్టావా ఏనాడైనా? కుండని చూసి పెడతావు." నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. ఆవిడ బహా కూతురు. మాటలు రాకముందే ఆ గదిలో పాకిన మనిషి.

"గిన్నె తేలుతోందేం?" అంది.

ఇద్దర్ బార్లీ జావ గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఎవరి వంతు?"

"కెల్తూమ్‌ది."

తూదా అతని ఎదురుగా చతికిలపడింది. పొయ్యిలో పుల్ల చిటపటమంది.

"ఇందులో పడేస్తాను," అంది చివరికి. "ఎవరికి తెలుస్తుంది? కెల్తూమ్‌కి మన గోధుమపిండి ఓ బుట్టెడు ఇచ్చొస్తా. పండగ కోసం అంటా. రేపు జమాత్‌లో ఇది కనపడితే బిహీకి పండగే. తెల్లారేసరికి గాజుపెట్టె తెస్తాడు. నువ్వు అందులో కూర్చుని ఈ మొహం పెట్టగలవా?"

"లేను."

"మరి?"

"ఆవిడ తన కాళ్ళని తిట్టుకుంటోంది, తూదా."

తూదా కాగితాన్ని పొయ్యి దగ్గరికి తీసుకుపోయి, అక్కడే కాసేపు పట్టుకుని నిలబడింది. తరువాత దాని మీద పడ్డ బూడిద ఊదేసి, మడిచి, అతని జుబ్బా జేబులో పెట్టింది. "జావ చల్లారింది, తాగు," అంది.

శుక్రవారం నమాజు అయ్యాక మగవాళ్ళు మసీదు గోడ వెంట రాతి అరుగుమీద కూర్చున్నారు. గోడకు అవతల ఆడవాళ్ళు బాదం పప్పు కొడుతూ, చెవులు ఇటే పెట్టి ఉన్నారు. బిహీ ఫోను ఎత్తి చూపిస్తూ బాగానే మాట్లాడాడు. ఎండ, చలి అని దీనికి లేదన్నాడు, ముసలితనం లేదన్నాడు. అందరూ తలలూపారు. ఉబెల్లా ఇద్దర్ వైపు తిరిగాడు.

"నువ్వేమంటావ్? ఇన్నేళ్ళలో ఎప్పుడైనా తప్పిందా?"

ఇద్దర్ జేబులోంచి కాగితం తీసి, మడత విప్పి, అరుగుమీద పెట్టాడు. ఎగిరిపోకుండా ఒక రాయి పెట్టాడు.

"ఇది మా ఇంట్లో దిగినావిడ వేసిందే," అన్నాడు బిహీ. "బాగుంది. అయితే?"

"గిన్నె చూడు."

"తేలుతోంది."

"చెయ్యి చూడు."

"ముడేస్తోంది. అయితే ఏంటంటా?"

ఉబెల్లా వంగి చూశాడు. అతని పక్కనున్న ఇద్దరు ముసలివాళ్ళూ వంగి చూశారు. అవతల బాదం కొట్టే రాళ్ళు ఆగాయి.

"బుధవారం కెల్తూమ్ వంతులో ఐదో ముడి అబద్ధం," అన్నాడు ఇద్దర్. అతని గొంతు పేర్లు పిలిచేటప్పటిలా గట్టిగా వచ్చింది, అతనికే తెలియకుండా. "గిన్నె మునక్కుండానే ముడేశాను. నేనక్కడ లేను. ఎక్కడికో పోయాను. ఒక గిన్నె నీళ్ళు ఆవిడకి తక్కువిచ్చాను. అవి నీ నారింజలకి పోయాయి, బిహీ."

"తాగేశాయి మరి, ఇప్పుడు కక్కమంటే కక్కుతాయా," అన్నాడెవరో. కొందరు నవ్వారు.

"నేను మొత్తుకుంటున్నది ఇదే!" బిహీ లేచి నిలబడ్డాడు. "మనిషన్నాక కునుకు పడుతుంది. దాదాని నేనేమీ అనడం లేదు. ఫోనుకి కునుకు లేదు, అంతే."

"ఏం బిహీ, లేదా?" గోడ అవతల నుంచి కెల్తూమ్ గొంతు వచ్చింది. "మొన్న మా అక్క కూతురి పెళ్ళికి బండి మాట్లాడతానని చెప్పి, ఛార్జి అయిపోయింది లల్లా, ఫోను చచ్చింది లల్లా అన్నావే. అది కునుకు కాదా, చావా?"

ఈసారి నవ్వని మనిషి లేడు.

"సరే, కునుకు లేదనే అనుకో," అంది కెల్తూమ్ మళ్ళీ. "ఎప్పుడైనా నీ ఫోను తప్పిందే అనుకో. తన తప్పు తానే కాగితం మీద పట్టుకొచ్చి ఇంతమంది ముందు పెడుతుందా? నేను మూడ్రోజులుగా నా కాళ్ళని తిట్టుకుంటున్నా. ఇవాళ రాత్రి వాటికి నూనె రాసి క్షమాపణ చెప్పుకోవాలి."

బిహీ కూడా నవ్వేసి కూర్చున్నాడు. ఉబెల్లా చెయ్యెత్తాడు.

"నీళ్ళ తప్పు నీళ్ళతోనే తీరాలి. మా నాన్న కాలంలో ఒకసారి ఇలా అయింది. వంతులన్నీ అయ్యాక ఆఖర్న మిగిలే నీళ్ళు గిన్నెవాడివి గదా. అందులోంచి ఒక గిన్నె కెల్తూమ్‌కి. ఆ ఒక్క గిన్నె ఇద్దర్ కొలవకూడదు. నష్టపోయిన మనిషే కొలవాలి. ఇద్దర్ పొలంలో నిలబడి ఆవిడకి నీళ్ళు కట్టాలి."

"మరి గిన్నె సంగతి?" అన్నాడు బిహీ. "తప్పిన రోజు చూద్దాం అన్నావు గదా, పెదనాన్నా."

"అన్నాను. తప్పింది, చూశాం," అన్నాడు ఉబెల్లా, రాయి తీసి కాగితం ఇద్దర్ చేతికిస్తూ. "చూసింది చాలు. రేపు పొద్దున ఎవరి వంతు? ఆలస్యం చెయ్యకు, ఇద్దర్."

వంతుల చివరి రోజు ఆదివారం. మధ్యాహ్నం దాటాక కెల్తూమ్ మట్టిగది గడప దగ్గర చెప్పులు విడిచి, బిస్మిల్లా అని లోపలికి అడుగుపెట్టింది. ఇద్దర్ ఆవిడకు ఆకు చీలిక అందించాడు. మామ చెప్పినవన్నీ చెబుదామనుకున్నాడు గానీ, అప్పటికే ఆవిడ కుండ ముందు కూర్చుని పెదాలు బిగించేసింది. ఇక మాట్లాడకూడదు.

"మన టర్నిప్పులు దాహంతో చస్తాయి," అంది తూదా దారిలో, పార అతని భుజానికెత్తుతూ. "చావనీ. టర్నిప్పంటే నాకెప్పుడూ పడదు."

అతను గోరింట మడిలో చివరి సాళ్ళ దగ్గర నిలబడ్డాడు. ముప్పై రెండేళ్ళు ఈ పొలాలన్నిటికీ నీళ్ళు పంపాడు. నీళ్ళు వచ్చి చేరడం మాత్రం ఎన్నడూ చూడలేదు. ఇక్కడినుంచి మట్టిగది కొండ కింద అగ్గిపెట్టెంతే ఉంది. ముందు వాసన వచ్చింది, ఎండిన మట్టి తడిసే వాసన. తరువాత కాలువలో చప్పుడు. ఆ తరువాత నల్లటి నాలుకలాంటి నీటికొస, ఎండుటాకులనూ చీమలనూ ముందుకు తోసుకుంటూ, ఆగి ఆగి దారి వెతుక్కుంటూ వచ్చింది. పారతో అడ్డం తీశాడు. నీళ్ళు అతని పాదాలమీదుగా సాలులోకి దిగాయి. వాడిన గోరింట ఆకులు ఏమీ అనలేదు. ఆకులు ఏమంటాయి? కానీ అతను వంగి విన్నాడు.

ఒక సాలు నిండింది. రెండోది సగానికి వచ్చింది. అతని చెవులు మెల్లగా మట్టిగది వైపు తిరిగాయి. ఇప్పుడా, ఇంకానా? ఇక్కడ నిలబడేవాళ్ళంతా ఇలాగే చెవి అటు పెట్టి నిలబడతారన్నమాట, ఇన్నేళ్ళూ తన గొంతు కోసం.

రెండో సాలు చివరిదాకా నిండింది. ఇంకా కేక లేదు. గిన్నెను చూస్తోందేమో. చూడొద్దని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. పడవెక్కిందేమో ఏ ఒడ్డుకో. వెళ్ళి పిలవడానికి లేదు, గది లోపలి మనిషితో మాట్లాడకూడదు గదా. పిలవాలని అతనికి అనిపించనూ లేదు. పాదాల చుట్టూ నీళ్ళు చల్లగా తిరుగుతున్నాయి. ఎండుటాకు ఒకటి నీలిపడవలా లేచి, దిగి, గోరింట మొదలు చుట్టి వెనక్కి వచ్చింది.

"ఇద్దర్!"

కొండకు తగిలి, రెండుసార్లు వినిపించింది. ఆ గడపలోంచి ఎన్ని వేల పేర్లు పిలిచాడో, తన పేరు మాత్రం అక్కడినుంచి ఎన్నడూ వినలేదు. ఎవరిని పిలుస్తున్నారా అని ఒక్క క్షణం చుట్టూ చూశాడు. ఇక మిగిలిన నీళ్ళ వంతు తనదే. తరువాత పార ఎత్తి, కెల్తూమ్ సాలుకు మట్టి అడ్డం వేశాడు.